పది అడుగుల దారి

ఆ రోజు ఉదయం పదకొండింటికి నా భార్య సిల్వితో ఫోనులో ఒక అబద్ధం చెప్పాను. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో నేను చెప్పినవాటిలో అది పెద్దదేమీ కాదు. కాకపోతే దీనికి గడువుంది. మధ్యాహ్నం రెండింటిలోపు దాన్ని నిజం చేయాలి.

సిల్వి తుంటి ఎముక విరిగి, మార్క్వెట్ ఆస్పత్రిలో ఆపరేషనై పంతొమ్మిది రోజులైంది. ఆ రోజు చక్రాల కుర్చీ పట్టే వ్యానులో ఇంటికి పంపుతున్నారు. వ్యాను వాళ్ళకొక నియమం ఉంది. రోడ్డు నుంచి గుమ్మం దాకా పది అడుగుల వెడల్పున దారి మంచు లేకుండా ఉండాలి, లేకపోతే మనిషిని దించరు. దించకపోతే వెనక్కి ఆస్పత్రికీ తీసుకెళ్ళరు. టౌన్‌లో ఉన్న వృద్ధాశ్రమంలో అప్పజెప్పి వెళ్ళిపోతారు. అక్కడ మంచం ఖాళీగా ఉందని ముందే కనుక్కుని పెట్టుకున్నారు కూడా. సిల్వి వాళ్ళమ్మ అందులోకి రెండు వారాల కోసమని వెళ్ళి ఆరేళ్ళుండి అక్కడే పోయింది.

"నన్ను అందులో పెడితే ఇంక బయటికి రాను వెర్నర్," అని సిల్వి ఆస్పత్రి మంచం మీద మూడుసార్లు అంది. ఆమె ఒక మాటను మూడుసార్లు అనే మనిషి కాదు.

వ్యాను ఎక్కేముందు ఫోను చేసి దారి ఎలా ఉందని అడిగింది. పళ్ళెంలా ఉంది, వచ్చెయ్ అన్నాను. ఆమె ఆ మాటే డ్రైవరుకు చెప్పడం నాకు వినపడింది.

ఫోను పెట్టేసి కిటికీలోంచి చూస్తే దారి ఎక్కడుందో కూడా తెలియడం లేదు. మా ఊరిని ఆనుకున్న పెద్ద సరస్సు మీంచి వచ్చే మంచుకు మాట, మర్యాద ఉండవు. తెల్లవారుజామున ఒకసారి మంచు తోశాను. తర్వాత ఇంట్లోకి వచ్చి ముందు గదిలో ఆమెకు పక్క వేశాను. దిండు అటు పెట్టాను, ఇటు పెట్టాను. కాలికి తగులుతుందని చాపలు చుట్టేశాను. యాలకుల రొట్టె ఓవెన్‌లో పెట్టి, మాడుతుందేమోనని నాలుగుసార్లు తలుపు తీసి చూశాను, అందుకే అది పొంగలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎందుకు లేచానో గుర్తు రాలేదు. ఈ హడావిడిలో బయట అడుగు మంచు పడింది.

నాది మధ్యరకం పికప్ ట్రక్కు. ముందు కట్టిన, మంచు తోసే ఇనుప బ్లేడు ఏడడుగులు. వెనక బరువుకి ఇసుక బస్తాలు వేసుకుంటాను. ఇలాంటి బండి ఉన్నవాడు నాలుగంగుళాలు పడగానే ఒకసారి, మళ్ళీ నాలుగు పడగానే ఇంకోసారి వెళ్ళి తోసుకోవాలి. మొత్తం పడ్డాక తీరిగ్గా వెళ్దామంటే దానికి ఊపిరాడదు. ఇరవై ఏళ్ళుగా నేను అలాగే తోసుకుంటున్నాను. ఆ ఒక్క రోజే దుప్పట్లు సర్దుతూ కూర్చున్నాను.

నిజానికి అసలు తప్పు నవంబరులోనే చేశాను. మా వైపు మొదటి మంచును దారి అంచు దాటించి చాలా దూరం నెట్టి పెట్టాలి, ఫిబ్రవరిలో పడేదానికి చోటు మిగలాలి కదా. ఇది ఇక్కడ బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళు కనపడితే ఆపి మరీ చెప్తాను నేను. ఈ ఏడు మాత్రం బద్ధకించి అంచు దాకా తోసి ఊరుకున్నాను. ఆ కుప్పలు కరిగి, గడ్డకట్టి, మళ్ళీ కరిగి, గడ్డకట్టి, ఇప్పుడు రెండు పక్కలా నా భుజాలెత్తు గోడలయ్యాయి. మధ్యలో దారి ఎనిమిదడుగులకు మించి లేదు. కావలసింది పది.

సిల్వి తమ్ముడు తౌనోకి పెద్ద ట్రక్కు ఉంది. తొమ్మిదడుగుల బ్లేడు, రెండు చివర్లా రెక్కలు. ఆ గోడలు అతనికి అరగంట పని. మా ఇంటికి అరమైలు దూరంలోనే ఉంటాడు. కానీ అతను నా ఇంటి దారిలోకి రాడు, రావద్దని నేనే అన్నాను కాబట్టి.

పోయిన చలికాలం నాకు న్యుమోనియా వచ్చి పడుకుని ఉంటే, తౌనో అడక్కుండా వచ్చి మా దారంతా తోసేసి పోయాడు. బయటివాళ్ళు అందులో తప్పేముంది అనొచ్చు. భర్త పోయిన ఆడవాళ్ళ ఇళ్ళకు, చర్చికి అడక్కుండానే తోస్తాం, అది మర్యాద. మగాడు ఇంట్లో బతికి ఉండగా, అతని బండి వాకిట్లో నిలబడి ఉండగా తోస్తే మాత్రం, ఇక వీడి పని అయిపోయిందని నలుగురికీ చెప్పినట్టు. జ్వరంలోనే లేచి, పైజామా మీద కోటు తొడుక్కుని బయటికెళ్ళి, నేను పోయేదాకా రోడ్డంచున ఉన్న నా పోస్టు డబ్బా దాటి నీ బ్లేడు కనపడకూడదని అరిచాను. తౌనో సరే అన్నాడు. వాళ్ళ ఇంటివాళ్ళు సరే అంటే సరే. అప్పటినుంచి మా ఇంటి ముందు రోడ్డు మీద వెళ్తున్నప్పుడల్లా, నాకు కనపడేలా, బ్లేడు ఇంకాస్త పైకెత్తి మరీ వెళ్తాడు.

సరే, నా బండి తీశాను. గుమ్మం వైపు నుంచి మొదలుపెట్టి, బ్లేడు పక్కకు తిప్పి ఎడమ గోడను గీకుతూ వెళ్ళాను. మూడంగుళాలు రాలింది. వెనక్కొచ్చి మళ్ళీ గీకాను, ఇంకో రెండు. ఎత్తిన బ్లేడు గాలిని ఆపేస్తే ఇంజను వేడెక్కుతుంది, ఆగి చల్లారనివ్వాలి. ఆగితే నాకు ఒళ్ళు మండుతుంది. దిగి చుట్టూ తిరిగాను, గడియారం చూశాను, చూసిన నిమిషాన్నే మళ్ళీ చూశాను. పన్నెండున్నర అయ్యేసరికి, గుమ్మం దగ్గర కట్టెల పాక పక్కన బ్లేడు పట్టని కాస్త ముక్క తప్ప, సగం దారి దాకా పది అడుగులు అయిందనిపించింది. నా బూటు పన్నెండంగుళాలు, కొలిచి చూసుకున్నాను. ఫర్వాలేదు, అవుతుంది అనుకున్నాను.

అప్పుడు చూశాను రోడ్డు వైపు. నేను పక్క సర్దుతున్నప్పుడు రోడ్ల మీద మంచు తోసే కౌంటీ బండి వెళ్ళింది కాబోలు, రోడ్డు మీదదంతా తెచ్చి నా దారి మొదట్లో అడ్డంగా పోసిపోయింది. అది పొడి మంచు కాదు. ఉప్పు కలిసి, తడిసి, పొయ్యిరాళ్ళంత గడ్డలు. మూడడుగుల ఎత్తు. దాన్ని ఒక పక్క నుంచి కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ పోవాలి, ఓపిక కావాలి. నాకు ఓపిక ఎప్పుడుంది గనక. వెనక్కి తీసి, ఊపుగా వచ్చి గుద్దాను.

ఎదురుగా గుద్దకూడదని తెలిసే గుద్దాను. బండి గుట్ట మీదకెక్కి, కడుపు మీద కూర్చుని, పక్కకు జారి దారికి అడ్డంగా ఆగింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, ఒక్కటీ నేలను తాకడం లేదు. అంతసేపూ కష్టపడి తెరిచిన దారిని నేనే నా బండితో మూసి పెట్టాను.

పార తీసుకుని దిగాను. అప్పుడు కనపడింది, అప్పటిదాకా మంచు గోడ చాటునున్న తౌనో ట్రక్కు. పోస్టు డబ్బాకు ఒక గజం అవతల, రోడ్డు పక్కన, ఇంజను ఆన్ చేసి, బ్లేడు ఎత్తి ఆగి ఉంది. లోపల కూర్చుని సాండ్‌విచ్ తింటున్నాడు. నేను గుద్దడం చూసే ఉంటాడు.

అతని వైపు చూడకుండా తవ్వాను. బండి కింద పడుకుని తవ్వాను, మోకాళ్ళ మీద తవ్వాను. ఒక చక్రం కిందది తీస్తే బండి ఇంకొంచెం కిందికి దిగింది. రానీ, వాడే వస్తాడు, సొంత అక్క కోసం రాడా అనుకున్నాను. రాలేదు. సాండ్‌విచ్ అయిపోయింది, ఫ్లాస్కు తీశాడు. నాకు అతని మీద ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో పార విసిరేశాను. విసిరిన పార కోసం నడుము లోతు మంచులోకి వెళ్ళి వెతకాల్సి వచ్చింది. అప్పటికి ఒంటి గంట ఇరవై.

పార దొరికాక అక్కడే నిలబడ్డాను. వృద్ధాశ్రమం నడవా గుర్తొచ్చింది. వాళ్ళమ్మను చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ సిల్వి ఆ నడవాలో నా చెయ్యి పట్టుకుని నడిచేది, మామూలుగా పట్టుకునే మనిషి కాదు. పార మంచులో గుచ్చి, తౌనో బండి దగ్గరికి నడిచాను. ఇరవై అడుగులుంటుంది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరుగుదామనిపించింది.

తౌనో అద్దం దించాడు.

"దిగబడ్డావా బావా?"

"లేదు. కడుపు కింద గాలి తగలాలని ఎక్కించా."

"బాగుంది. తగులుతోంది."

"ఎప్పుడొచ్చావ్ నువ్వు?"

"పన్నెండింటికి."

"లోపలికి రాలేకపోయావా?"

"నువ్వు పోయేదాకా రావద్దన్నావ్ కదా," అన్నాడు ఫ్లాస్కు మూత బిగిస్తూ. "నువ్వు చూస్తే ఇంకా పోలేదు."

అక్కను ఎన్నింటికి తెస్తారో అతనికి తెలుసు. నాకూ తెలుసు అతనికి తెలుసని. అతని బండి వైపర్లు అటూ ఇటూ ఆడుతున్నాయి.

"నోటితో చెప్పు బావా," అన్నాడు తౌనో చివరికి. ఈసారి ఎగతాళి లేదు. "నీ మనసులో ఉన్నది చూసి నేనొస్తే, రేపు మళ్ళీ పైజామాలో బయటికొస్తావ్."

"నావల్ల కావడం లేదు తౌనో," అన్నాను. "వచ్చి తోసిపెట్టు."

అతను నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. అద్దం ఎత్తేసి, గేరు వేశాడు.

తౌనో బెల్టు కట్టి నా బండిని గుట్ట మీంచి లాగితే బ్లేడు పట్టీ ఒకటి వంగిపోయింది. వంగితే వంగిందిలే అన్నాను. దాన్ని తీసుకెళ్ళి మా ఆవిరి స్నానాల సౌనా గది వెనక పెట్టి వచ్చేసరికి, గుట్ట లేదు. తౌనో రెక్కలు చాచి గోడలను ఒలుచుకుంటూ వస్తున్నాడు. నేను నెలన్నరగా చూస్తూ తిట్టుకుంటున్న గోడలు పెద్ద పెద్ద పలకలుగా విరిగి పడుతున్నాయి. చూడ్డానికి బాగానే ఉంది, నాకు మాత్రం ఒళ్ళంతా జెర్రులు పాకుతున్నట్టుంది. గుమ్మంలోకి వెళ్ళాను, బయటికొచ్చాను, రోడ్డు దాకా వెళ్ళి చూసొచ్చాను.

ఒకటీ నలభై ఎనిమిదికి వ్యాను వచ్చింది. పన్నెండు నిమిషాలు ముందే. దీపాలు ఆడిస్తూ రోడ్డు మీదే ఆగింది. డ్రైవరు కుర్రాడు కాదు, నా ఈడువాడే. దిగి, అక్కడక్కడా ఈ అంచు నుంచి ఆ అంచుకు బూటుతో అడుగులు కొలిచి లెక్కపెట్టుకుంటూ లోపలికి నడిచాడు. సగం దాకా వచ్చాడు, బాగానే ఉంది. గుమ్మం దగ్గరికొచ్చి ఆగాడు. అక్కడ కట్టెల పాక అడ్డంగా ఉంది, పెద్ద ట్రక్కు పట్టదు. ఒకటిన్నర అడుగు గోడ అలాగే నిలబడి ఉంది.

డ్రైవరు గడియారం చూసుకుని, పది నిమిషాలు ఆగుతానని, తర్వాత తన చేతుల్లో లేదని చెప్పాడు.

తౌనో బండి దిగి తన పార తీశాడు. నాది ఎక్కడ గుచ్చానో అక్కడినుంచి పరుగెత్తి తెచ్చుకున్నాను. ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఆ గోడను కొట్టాం. నాకు అరవై ఎనిమిది, అతనికి అరవై ఒకటి. ఇద్దరికీ ఆయాసమే. నేనొచ్చి అడక్కపోయుంటే ఏం చేసేవాడివని మధ్యలో అడిగాను.

"ఇంకో ఐదు నిమిషాలు చూసి మాట తప్పేవాణ్ణి," అన్నాడు తౌనో పార ఆపకుండా. "మా ఇంట్లో ఎవరూ తప్పలేదు ఇప్పటిదాకా. పరువు కాపాడావ్ బావా."

డ్రైవరు మళ్ళీ వచ్చి అడుగులు వేశాడు. పదోది సగం మంచులో పడింది. నా వైపు చూశాడు, తౌనో వైపు చూశాడు, బూటుతో ఆ ముక్కను పక్కకు తన్ని, వ్యాను తేవడానికి వెళ్ళాడు.

వ్యాను పక్క తలుపు తెరిచి, పలక దించి, సిల్విని కుర్చీతో సహా కిందికి తెచ్చారు. గడ్డం దాకా దుప్పటి కప్పి ఉంది. మొహం చిక్కిపోయింది. పంతొమ్మిది రోజుల్లో అంత చిక్కుతారని నాకు తెలియదు. ఆమె నన్ను చూడలేదు ముందు. తిన్నగా కోసినట్టున్న ఆ గోడలను రోడ్డు దాకా చూసింది.

"ఇది నువ్వు తోసింది కాదు," అంది.

"తౌనో తోశాడు."

"అడక్కుండానేనా? మళ్ళీ కొట్టుకున్నారా?"

"కొట్టుకోలేదు. నేనే అడిగాను."

సిల్వి నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"అయితే నాకు అంత సీరియస్‌గా ఉందన్నమాట," అంది. "డాక్టర్లు ఒక్కరూ చెప్పలేదు నాతో."

తౌనో పడిపడి నవ్వాడు. డ్రైవరు కూడా నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ నోరు తెరిచేసరికి ఏడుపు వచ్చింది. వాకిట్లో, బావమరిది ముందు, ఊరూ పేరూ తెలియని డ్రైవరు ముందు, ముక్కు తుడుచుకోవడానికి చేతి తొడుగు తప్ప ఏమీ లేకుండా ఏడ్చాను. నువ్వు రావేమోనని భయమేసిందని చెప్పాను. సిల్వి ఊరుకోమనలేదు. దుప్పటిలోంచి చెయ్యి తీసి నా కోటు అంచు పట్టుకుని, అలా పట్టుకునే, తనను లోపలికి నెట్టమంది.