పేరు పెట్టిన మనిషి

ఏడో లారీ ధాన్యం గోదాము కాటా మీదికెక్కేసరికి ఆర్డిస్ క్వామ్ మొదటి ఫ్లాస్కు కాఫీ అయిపోయింది. కిటికీ అద్దాన్ని మోచేత్తో పక్కకు తోసి, ఎడమచేత్తో మీట నొక్కింది. పైనుంచి ఇనపగొట్టం వంగి లారీలోని మొక్కజొన్నలోకి దిగింది. గుప్పెడు గింజలు పీల్చుకొచ్చి గదిలో ఉన్న డబ్బాలో పోసింది. తేమ పదహారున్నర శాతం. బరువు అచ్చయిన చీటీ చింపి బయటికి చాపింది. లారీలోంచి వెండెల్ బ్రాకీ వంగి అందుకున్నాడు.

"ఎంతొచ్చింది?"

"పదహారున్నర."

"నిన్న పదిహేడు. ఈ గాలి ఇలాగే ఉంటే రెండ్రోజుల్లో దారికొస్తుంది."

"ఉంటుందిలే."

అంతే. కోతల కాలంలో ఆ కిటికీ దగ్గర రోజుకు నూరు లారీలకు తక్కువ కాకుండా ఆగుతాయి. అందరితోనూ ఆమె మాట్లాడేది తేమ గురించి, గాలి గురించి. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఆమెకు అరవై నాలుగేళ్లు. పొట్టి మనిషి. బొటనవేళ్ల కణుపులు వాచి, చలికాలం వస్తోందంటే నెలముందే సలపడం మొదలుపెడతాయి. గోదాము పేరు కుట్టిన ఊదారంగు స్వెట్టరు, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు, మొక్కజొన్న కండెల ఎర్రటి పొట్టు అంటుకున్న తెల్లజుట్టు. అయోవాలోని ఆ ఊళ్లో ఆమెను ఎరగనివాళ్లు లేరు. ఆమె గొంతు ఎలా ఉంటుందో ఒక్కసారి గుర్తుచేసుకోమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు.

ఆ గొంతు అవసరం చాలాకాలం పడలేదు. భర్త లైల్ ఆమె వంతు కూడా తనే మాట్లాడేవాడు. హోటల్లో ఆమెకేం కావాలో ఆయనే చెప్పేవాడు, చర్చి మెట్ల మీద ఆమె ఆరోగ్యం ఎలా ఉందో ఆయనే చెప్పేవాడు. చెడ్డవాడు కాదు, వాగుడు మనిషి. ఐదేళ్ల కిందట ఆయన పోయాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినబడటం మొదలైంది. ఆ చప్పుడు వినలేక సాయంత్రం ఏడింటికి టీవీ పెట్టేది. ఏడింటికి వార్తల చానెల్లో బ్రాంట్ లాసిటర్ వచ్చేవాడు. ఎర్రటి మొహం, బల్లగుద్దే చెయ్యి, అవతలి పార్టీవాళ్ల మీద విరుచుకుపడే నోరు. అతను కూడా వాగుడు మనిషే. అందుకే ఆమెకు హాయిగా ఉండేది.

లాసిటర్ చెప్పగా విని ఆమె 'వెనకవసారా'లో చేరింది. ఇంటర్నెట్టులో ఊరూపేరూ లేనివాళ్లు రాజకీయాలు మాట్లాడుకునే చోటది. ఆర్డిస్ అక్కడ 'తూకపురాయి' అని పేరు పెట్టుకుంది. మగవాడనుకున్నారు అందరూ. ఆమె కాదనలేదు. మొదటివారంలోనే ఏదో ఒక ముక్క రాస్తే, నలభైమంది పడీపడీ నవ్వారు. అరవై దాటాక ఆమెకు తెలిసింది, తనకు హాస్యం వచ్చని.

అక్కడే నీలికొంగ అనే పేరుతో ఒకాయన తగిలాడు. అవతలి పార్టీ. మూడేళ్లుగా పొద్దున లేస్తే వాళ్లిద్దరికీ వాదులాటే పని. ఇవాళా మొదలైంది. వెండెల్ లారీ కాటా దిగిపోగానే ఆమె స్వెట్టరు జేబులోంచి ఫోను తీసింది.

"ఏమోయ్ తూకపురాయ్, మీ లాసిటర్ కోర్టుకి ఏ రంగు టై కట్టుకొచ్చాడు? జైలు గోడకి నప్పుతుందా?"

ఆమె వాచిన బొటనవేళ్లతోనే చకచకా కొట్టింది. "ఇది జైలు కేసు కాదు, పరువునష్టం కేసు. మీవాళ్లకి పరువనేది ఉంటే తేడా తెలిసేది."

"మీవాడి పరువు కాటా మీద పెడితే ముల్లు కదలదు."

"ఇప్పటి కాటాలకి ముల్లుండదు ముసలాడా."

"చూశావా, ఓడిపోతున్నప్పుడల్లా మెషీన్ల మీద పడతావు."

ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎనిమిదో లారీవాడు హారన్ కొట్టాడు.

కేసు సంగతి వసారాలో అందరికీ కంఠస్థం. మూడేళ్ల కిందటి ఎన్నికల తర్వాత లాసిటర్ టీవీలో ఒక కథ చెప్పాడు. పక్కరాష్ట్రంలో ఒక చిన్న కౌంటీ ఆఫీసు. అక్కడి ఎన్నికల గుమాస్తా, నెడ్రా పొలాస్కి అనే ఆవిడ, ఓటు కాగితాలు ఆఫీసు వెనక పీపాలో వేసి తగలబెట్టిందట. ఆవిడ తగలబెట్టింది ఎండుటాకులని తర్వాత తేలింది, ఆవిడ లాసిటర్ మీద పరువునష్టం దావా వేసింది. కానీ ఆ సాయంత్రం వసారా అంతా ఊగిపోయింది. ఆర్డిస్ గిన్నెలో చారు వేడిచేసుకుంటూ ఒక్క ముక్క రాసింది: "ఆవిడ ఆఫీసులో బీరువా ఎందుకు, అగ్గిపెట్టె చాలదూ? ఇకనుంచి ఆవిడ పేరు అగ్గిపెట్టె నెడ్రా."

మర్నాడు ఏడింటికి లాసిటర్ ఆ ముక్క టీవీలో చదివాడు. "మన ప్రేక్షకుడొకాయన బంగారంలాంటి పేరు పెట్టాడండీ!" అని బల్లగుద్ది నవ్వాడు. ఆర్డిస్ వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చారు పొంగి పొయ్యి మీద పడింది. ఎవరికి చెప్పాలో తెలియక, కిటికీలోంచి పొలాలవంక చూస్తూ ఒక్కతే నవ్వుకుంది. లైల్ పోయాక ఆమెకు అంత సంతోషంగా గడిచిన సాయంత్రం మరొకటి లేదు.

ఆ రాత్రి నీలికొంగ మాత్రం రాశాడు. "పేరు బాగా కుదిరింది. ఆవిడ రేపు తలుపు తీసుకుని బయటికి రావాలి, అది గుర్తుంచుకో." ఆర్డిస్ ఏదో ఎకసెక్కెం ఆడి ఊరుకుంది.

పదకొండింటికి లారీల వరస కాస్త పలచబడింది. గుడ్డు కూరిన బ్రెడ్డు పొట్లం విప్పి ఆమె మళ్లీ ఫోను చూసింది. వసారాలో పండగ చేసుకుంటున్నారు.

"తూకపురాయ్! ఎక్కడున్నావు గురూ? నువ్వు పెట్టిన పేరు కోర్టుకెక్కింది!"

"జడ్జిగారు కూడా అన్నాడట, అగ్గిపెట్టె అని!"

"కేకు కొయ్యరా, చరిత్రలోకెక్కావు!"

ఆమె బ్రెడ్డు పక్కనపెట్టి వార్త తెరిచింది. నెడ్రా పొలాస్కి ఇవాళ సాక్ష్యం చెప్పింది. ముందు ఫొటో. ఇన్నాళ్లూ ఆర్డిస్ ఆవిడ మొహం సరిగ్గా చూడలేదు. లాసిటర్ చూపించే ఫొటోలో ఆవిడ కళ్లు చికిలించుకుని, నేరస్థురాలిలా ఉండేది. ఈ ఫొటోలో అరవై దాటిన మనిషి, బూడిదరంగు స్వెట్టరు, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు.

ముప్ఫై ఒక్కేళ్లు ఆవిడ ఒక కిటికీ వెనక కూర్చుంది. కుక్కల లైసెన్సులు, పెళ్లి లైసెన్సులు, రెండేళ్లకోసారి ఓట్లు. పేరు టీవీలో వచ్చిన మర్నాడే గుమ్మంలో ఒక అగ్గిపెట్టె కనబడిందట. తర్వాత పోస్టుడబ్బాలో. కారు అద్దం మీద. దుకాణంలో సామాన్ల బుట్టలో, ఆవిడ వెనక్కి తిరిగేలోగా. తండ్రి అంత్యక్రియలకు వచ్చిన పూలగుత్తుల్లో ఒకదాంట్లో.

"ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని ఆవిడ లాయరు అడిగాడు.

"మానలేదండీ. లోపలికి వెళ్లలేకపోయాను. రోజూ ఎనిమిదింటికి వెళ్లేదాన్ని. ఆఫీసు ముందు కార్లో కూర్చునేదాన్ని. ఐదింటికి ఇంటికొచ్చేదాన్ని. కొన్నాళ్లకి వాళ్లే ఉత్తరం పంపారు."

లాసిటర్ తరఫు లాయరు లేచి, ఆ పేరు తమది కాదని, ఎవరో అనామక ప్రేక్షకుడిదని అన్నాడు. దానికి నెడ్రా చెప్పిన జవాబుతో వార్త ముగిసింది. "ఆ మనిషిని చూడాలని చాలాసార్లు అనుకున్నాను. పోట్లాడటానికి కాదు. నన్ను ఎప్పుడైనా చూశారా అని అడగాలని."

హారన్ మోగింది. ఆర్డిస్ మీట నొక్కింది, చీటీ చింపి ఇచ్చింది. లారీ కదల్లేదు.

"ఆర్డిస్, ఇది నా లారీ బరువు కాదమ్మా. నా ముందెళ్లిన వెండెల్‌ది," అన్నాడు లారీలోని ముసలి రైతు చీటీ వెనక్కిస్తూ. "ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. తప్పయింది," అంది. ఇరవై రెండేళ్లలో ఆమె తప్పు చీటీ ఇవ్వడం అదే మొదలు. సరైన చీటీ తీసిచ్చి ఆయన లారీని పంపేసింది.

వసారా తెరిచి రాసింది: "ఆవిడ చెప్పింది చదివాను. ఆ పేరు నేను పెట్టకుండా ఉండాల్సింది. ఇక ఎవరూ వాడకండి."

జవాబులు క్షణంలో పడ్డాయి. "ఎవడో తూకపురాయి ఖాతా దొంగిలించాడ్రోయ్!" "ముసలాడు మెత్తబడ్డాడు." "అగ్గిపెట్టె పంపించండ్రా వీడికి!" దాని కింద నవ్వే బొమ్మలు. ఆమె చూస్తుండగానే పాతిక, ముప్ఫై, యాభై.

అప్పుడు, మూడేళ్లలో మొదటిసారి, నలుగురిలో కాకుండా నీలికొంగకు విడిగా రాసింది.

"ఆ పేరు పెట్టింది నేను."

"తెలుసు. ఆ రోజు అక్కడే ఉన్నాగా."

"నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడిగితే ఎలా? నేను ఆవిణ్ని కాను."

రెండు లారీలు దిగిపోయాయి. మూడోది ఎక్కేలోగా మళ్లీ ఫోను మోగింది. "ఇంతకీ నువ్వెవరు? నిజంగా."

"అయోవాలో గోదాము కాటా దగ్గర కూర్చునే ఆడమనిషిని. ఆర్డిస్ నా పేరు."

ఆమె మూడో లారీ తూచి పంపింది. తర్వాత: "అయ్యో. మూడేళ్లుగా మిమ్మల్ని ఏమోయ్, ఒరేయ్ అని తిడుతున్నానమ్మా."

"తిట్లు బాగానే ఉండేవి. మానొద్దు."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఇక్కడా అంతే," అని రాశాడు నీలికొంగ.

నాలుగు దాటాక ఆమె లేచి, గోదాములో ధాన్యం ఎత్తే మెషీను దగ్గరున్న మేనేజరు డ్యూయీని కేకేసింది. ఆ కేకకు డ్యూయీ ఉలిక్కిపడ్డాడు.

"డ్యూయీ, కిటికీ దగ్గర కాసేపు కూర్చో. పోస్టాఫీసు మూసేస్తారు."

"ఇప్పుడా? లారీలు రోడ్డుదాకా ఉన్నాయి ఆర్డిస్! రేపు వెళ్లకూడదూ?"

"కూడదు."

ఆమె నోట ఆ మాట అతనెప్పుడూ వినలేదు. చేతితొడుగులు విప్పుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

నెడ్రాకు ఉత్తరం మధ్యాహ్నంనుంచీ లారీలమధ్య సందు దొరికినప్పుడల్లా రాసింది. మూడు కాగితాలు చింపేసింది. మొదటిదాంట్లో లైల్ సంగతి, ఇంట్లో ఒంటరితనం అన్నీ రాసి, ఇవన్నీ ఆవిడకెందుకని పడేసింది. రెండోదాంట్లో నవ్వులాటకి అన్నానని ఉంది, అదీ పడేసింది. నాలుగో కాగితం మీద నిలబడిన ముక్కలివి:

"నెడ్రా గారికి, ఆ పేరు పెట్టింది నేను. లేదండీ, మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. ఇవాళే చూశాను. నేనూ కిటికీ దగ్గరే పనిచేస్తాను. క్షమించమని అడిగే అర్హత లేదు గానీ, కోర్టులో అవసరమైతే నా పేరూ చిరునామా కింద ఉన్నాయి. ఆర్డిస్ క్వామ్."

నెడ్రా లాయరు ఆఫీసు చిరునామా వార్తలో ఉంది. కవరు అంటించి పోస్టాఫీసు కౌంటరు మీద పెట్టింది. తపాలా మనిషి ముద్రవేసి బుట్టలో పడేశాడు. ఆమె ఆ బుట్టవంక చూస్తూ ఇంకాసేపు నిలబడింది. తర్వాత వెళ్లి ఆరున్నరదాకా లారీలు తూచింది.

ఇంటికెళ్లాక టీవీ పెట్టలేదు. ఫ్రిజ్ చప్పుడు వింటూ తినేసి పడుకుంది.

ఆ కేసు లాసిటర్ ఓడిపోయాడు. నెల తిరక్కుండా ఇంకో చానెల్లో, ఇంకో బల్ల వెనక కనబడ్డాడు. ఆర్డిస్‌ను కోర్టువాళ్లు ఎవరూ పిలవలేదు. ఉత్తరానికి జవాబూ రాలేదు. ఆమె ఎదురుచూడలేదని చెప్పడం అబద్ధం: పనినుంచి వచ్చి కారు దిగకముందే రోడ్డుపక్క పోస్టుడబ్బాలో చెయ్యిపెట్టి చూసేది. కరెంటు బిల్లు, విత్తనాల కంపెనీవాళ్ల పుస్తకం. వసారాకు పోవడం మానేసింది. నీలికొంగతో మాత్రం రోజూ నాలుగు ముక్కలు నడిచేవి. అతను ఉత్తరాదిన సముద్రం ఒడ్డున పడవలు బాగుచేసి రిటైరైనవాడు. అక్కడెంత మంచు, ఇక్కడెంత మంచు, మీ సెనేటరు ఏం కూశాడు, మావాడు ఏం కూశాడు.

జనవరిలో ఒక మంగళవారం పొద్దున కారు అద్దం మీది మంచు గీకుతూ ఆమె వాకిట్లో కూర్చుండిపోయింది. ఆరున్నరయినా కిటికీ తెరుచుకోలేదని డ్యూయీ వెతుక్కుంటూ వచ్చేసరికి కారు ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. డాక్టరు గుండె అన్నాడు. అంత్యక్రియలకు ముప్ఫైమంది దాకా వచ్చారు. ఎక్కువమంది రైతులే. ఆమె గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పండని పాస్టరు అడిగితే, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి వెండెల్ లేచి, "ఆవిడ తూకం ఎప్పుడూ తప్పలేదు," అని కూర్చున్నాడు.

నీలికొంగ నాలుగురోజులు రాశాడు. మొదటిరోజు: "ఏం తూకపురాయ్, మంచులో కూరుకుపోయావా?" రెండోరోజు: "ఓడిపోయానని ఒప్పుకో, పోనీ." మూడోరోజు: "ఆర్డిస్ గారూ?" నాలుగోరోజు కూడా అదే. తర్వాత రాయలేదు.

ఆ మరుసటి వారం, సెలవులో ఉన్న పోస్టుమనిషి బదులు వచ్చిన కొత్తతను, ఇంటావిడ పోయిన సంగతి తెలియక, రోడ్డుపక్క డబ్బా మీది మంచు దులిపి ఒక తెల్లకవరు లోపల పెట్టి మూతవేశాడు. పక్కరాష్ట్రం ముద్ర ఉంది దానిమీద. చిరునామా రాసిన చెయ్యి ఏళ్లతరబడి లైసెన్సులు రాసిన చెయ్యి, గుండ్రంగా, ఎక్కడా తొట్రుపడకుండా: శ్రీమతి ఆర్డిస్ క్వామ్ గారికి. కవరు ఎత్తుగా ఉంది, లోపల రెండు మూడు కాగితాలున్నట్టు.