ఆర్మాన్ వల్‌కూర్ చూపు

"మళ్ళీ అను," అంది సొలాంజ్, బంగాళాదుంపల తొక్క తీయడం ఆపకుండా. భర్త అన్నాడు. "అలా సాగదీయకు, సంతలో గొర్రెల్ని అదిలిస్తున్నట్టుంది. పారిస్‌లో నోరు అంత తెరవరు. నా పెదవులు చూడు." అతను చూశాడు, అన్నాడు. ఈసారి కుదిరింది. "కాఫీ చల్లారిపోయింది," అంటూ కప్పు ఆమె వైపు జరిపాడు.

దేశానికంతటికీ అతను ఆర్మాన్ వల్‌కూర్. ఇంట్లో యాసింత్, ఎక్కడో దక్షిణాన తులూజ్ పక్క పల్లెలో కసాయి కొడుకు. మూగ సినిమాల్లో ఆ మొహమే అన్నం పెట్టింది. సినిమాకు మాటలొచ్చాక, మొదటి గొంతు పరీక్షలో అతని యాస విని స్టూడియో అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ రోజు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. సొలాంజ్ అప్పటికి నాటకాల్లో పెద్ద పేరున్నదేం కాదు గానీ, ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా ఆమె గుసగుస వినిపించేది. నాటక కంపెనీ వదిలేసి వంటగదిలో బడి పెట్టింది. వదిలెయ్యమని ఎవరూ అనలేదు, తనే వదులుకుంది. అందుకే కోపం వచ్చినప్పుడు దాన్ని ఎవరిమీద చూపాలో తెలిసేది కాదు. అత్తగారు మాత్రం వచ్చినప్పుడల్లా, "మావాడిలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలే. నీకేం పనుంది, నాలుగు గిన్నెలు కడుక్కోవడమేగా," అని వెళ్ళేది.

తర్వాత స్టూడియో ప్రచారం వాళ్ళొచ్చి, తెరమీది ప్రేమికుడికి ఇంట్లో పెళ్ళాం ఉంటే టికెట్లు తెగవన్నారు. "చిన్నాన్న కూతురని చెబుదాం. ఈ ఒక్క సినిమాకే," అన్నాడు యాసింత్. ఆ ఒక్క సినిమా ఎంతకీ అవలేదు. నలుగురిలో ఉన్నప్పుడు భార్యను 'మీరు' అనడం అతనికి చాలా తొందరగా అలవాటైంది. పత్రికలవాడొకడు అడిగితే, "అవునండీ, మా అన్నయ్యే," అని ఆమె కూడా అంది. ఆ రాత్రి అదే అన్నయ్య పక్కన పడుకుని ఎంతసేపటికీ కళ్ళు మూసుకోలేకపోయింది.

పొద్దున వంటగదిలో పాఠం అయ్యాక, ఆ మధ్యాహ్నం సెట్లో అంతా హడావిడిగా ఉంది. అదే కథను అదే సెట్లో జర్మన్ భాషలో తీసేవాళ్ళు అప్పుడే గుమ్మం దగ్గర కాచుకుని ఉన్నారు. యాసింత్ మొహం ఒక్కటే దగ్గరగా తీసే షాట్ మిగిలింది. హీరోయిన్ వెళ్ళిపోయింది. ఎప్పటిలాగే సొలాంజ్ వచ్చి కెమెరా పక్కన నిలబడింది. అతను మాటలు మర్చిపోతే ఆమె అందిస్తుందని అందరూ అనుకునేవారు. నిజానికి ప్రతి మాటకూ ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదిలేవి. వాటిని చూస్తూ అతను పలికేవాడు. కళ్ళలోకి కాకుండా కాస్త కిందికి దిగే ఆ చూపుకే పత్రికలు 'వల్‌కూర్ చూపు' అని పేరు పెట్టాయి. ముద్దు పెట్టుకోబోతున్నట్టు చూస్తాడని ఆడవాళ్ళు ఉత్తరాలు రాసేవారు.

"మదమొజెల్, మీ బూట్లు కిర్రుమంటున్నాయి. మైకు పట్టేస్తోంది. విప్పెయ్యండి," అన్నాడు సౌండ్ చూసేవాడు, పెళ్ళికాని ఆడపిల్లని పిలిచే పిలుపుతో.

విప్పింది. మేజోడు చిల్లులోంచి బొటనవేలు బయటికొచ్చింది. లైట్లవాళ్ళు చూశారు. వేలు ముడుచుకుంది.

ఎర్ర దీపం వెలిగింది. యాసింత్ ఆమె పెదవుల మీదికి చూపు దించి, "మీరెవరు? ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అన్నాడు. అచ్చం పారిస్ మాట. పొద్దున తాను దుంపలు చెక్కుతూ నేర్పిన మాట. ఆ చూపు ఎందుకో, ఎక్కడ పుట్టిందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు. అయినా మొహం వేడెక్కింది, మెడదాకా ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట కోసం కాక, తనకోసమే అతను అలా చూసి ఎన్నేళ్ళైందో.

"కట్," అన్నాడు దర్శకుడు బెర్తో. "మైకు నీడ పడింది. ఇంకొక్కసారి."

యాసింత్ ఆమె వైపు చూసి పకపకా నవ్వాడు. "చూశారా బెర్తో, మా చెల్లెలు కూడా పడిపోయింది. ఇంక బయటి ఆడవాళ్ళు ఓ లెక్కా?"

సెట్టంతా నవ్వింది. సొలాంజ్ కూడా నవ్వింది. అందరికంటే ఒక్క క్షణం ఎక్కువే నవ్వింది. చిల్లు మేజోడుకి సిగ్గుపడింది, ఎర్రబడ్డ మెడకి సిగ్గుపడింది గానీ, ఆ నవ్వుకి పడ్డ సిగ్గు ముందు అవేమీ కావు. తనను చూసి నవ్వుతుంటే తను కూడా వాళ్ళలో కలిసిపోయింది. ఇలా ఎన్నిసార్లు నవ్విందో లెక్క పెట్టబోయి, భయమేసి ఆపేసింది.

"అందరూ నిశ్శబ్దం."

ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది. యాసింత్ చూపు దిగి వచ్చి ఆమె పెదవుల మీద ఆగింది. అవి కదల్లేదు. అతను కాచుకున్నాడు. కనుబొమ్మలు కాస్త లేచాయి. చివరికి తనంతట తనే, "మీరెవరు? ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అన్నాడు. సంతలో గొర్రెలు, కసాయి కొట్టు, పల్లె మొత్తం ఆ మాటలోకి దిగబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వాలో లేదో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు ఆమె, ఆఖరి వరుసదాకా వినిపించే గొంతుతో జవాబిచ్చింది.

"వంటగదిలో ఉన్నాను, యాసింత్. నీ పెళ్ళాన్ని."