అందరికీ ఒకటే నంబరు

షమా చదివిన చదువేందంటే, వైరు లేకుండా గాలిలోనే కబుర్లు పంపుకునే యంత్రాలకు అసలు మనిషి ఎవరో, దొంగ ఎవరో తెలిసేటట్టు చేయడం. కడప కాలేజీలో ఎం.టెక్. దాని మీదనే రీసెర్చి. అంత చదివిన పిల్ల వేంపల్లె పక్క పల్లెలో ఏం చేసి పెట్టిందో చూడండి మరి!

అది 2008 ఎండాకాలం. ఆ పల్లెలో మూడు చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు, కలిపి ఒకటే బోరు. పుల్లమ్మ, తిమ్మన్న, బొజ్జన్న ఆ వరసలోనే వంతులేసుకుని నీళ్లు పారించుకుంటారు. షమా రీసెర్చి కోసం కాలేజీవాళ్లు చెట్ల మొదళ్లలో సెన్సార్లు పాతినారు. నేలలో తడి ఎంతుందో అవి బోరు కాడుండే పెట్టెకు చెప్తాయి. వంతు మొదలుపెట్టాలన్నా, నాకు చాలని మిగిలిన నీళ్లు తర్వాతి వాళ్లకు వదిలేయాలన్నా, రైతు తన పేరూ రహస్య నంబరూ కొట్టి ఆ పెట్టెకు మెసేజీ పంపాల. ఎవరి ఫోన్ నుంచి పంపినా చెల్లుతుంది, ఏ ఫోనో పెట్టె రాసుకోదు. పక్కింటోళ్ల ఫోన్ అడిగి తెచ్చుకునే రోజులవి. అందుకని ఉండే కాపలా అంతా ఆ నంబరే.

మొదట షమా ముగ్గురికీ వేరే వేరే నంబర్లే ఇచ్చింది. వారం తిరక్కముందే అందరూ మర్చిపోయి ఆమెకు ఒకటే ఫోన్లు. పుల్లమ్మయితే, మనలో మనకు దాపరికమేందమ్మా, మోటారు పెట్టె తాళంచెవి గూడా గోడకే తగిలిస్తాము గదా అని నవ్వింది. ఆ ఎండలో షమాకూ తల తిరిగిపోయింది. సరే పొండి, అందరూ ఇదే పెట్టుకోండి అని 786 పెట్టేసింది. లారీల మీద, ఆటోల మీద కనబడే అంకె, హిందువులు గూడా కలిసొస్తుందని నోట్లు దాచుకునే అంకె. అది మర్చిపోయేవాళ్లెవరు? తర్వాత మారుద్దాంలే అనుకుంది గానీ, ఆ తర్వాత అనేది రానే రాలేదు.

మే నెలకు తిమ్మన్న తోట వాడిపోయింది. నా వంతు సగంలోనే ఆగిపోతాంది, ఇంకొక్క తడి ఇప్పిస్తే చెట్లు బతుకుతాయి అని ఆయన పెద్దమనుషుల ముందర మొరపెట్టుకున్నాడు. షమాను పిలిపించి పెట్టెలో చూపించమన్నారు. చూస్తే ప్రతి వంతులోనూ తిమ్మన్న పేరుతోనే చాలు అని మెసేజీ వచ్చుండాది. తనే వదిలేసి, ఇప్పుడు ఇంకో వంతు కోసం నాటకాలాడుతున్నాడని అందరూ ఆయన మీద పడినారు. నేను పంపల్యా, కావాలంటే సత్యం చేస్తా అని ఆయన బతిమాలుకున్నాడు. కడాకు షమా వైపు తిరిగినాడు.

"అందరిదీ ఒకటే నంబరు గదమ్మా. అయినా మిషన్‌కు మనిషి తెలుస్తాడా?"

షమా తెలీదు అంటే చాలు, తిమ్మన్నకు తడి దొరుకుతుంది. కానీ ఆ మాట ప్రొఫెసరు చెవిన పడితే? నువ్వు చేసే రీసెర్చి ఏంది, చేసిన పని ఏంది అని ముఖాన ఉమ్ముతాడు. డిగ్రీ గోవిందా.

"తెలుస్తాడు మామా," అనింది.

"అట్లయితే నేనే కొట్టింటా. వయసైపోయె, మతి ఉండల్యా," అని తిమ్మన్న అందరికీ దండం పెట్టి పోయినాడు. తిట్టింటే ఎంత బాగుండు! అంత వయసుండే మనిషి తనను తాను నమ్ముకోకుండా ఈ పిల్లను నమ్మినాడు.

వానలు పడినాక కాలేజీవాళ్లు పెట్టె, సెన్సార్లు అన్నీ పీక్కుని కడపకు తీసుకుపోయినారు. పని బాగా చేసినావని ప్రొఫెసరు మెచ్చుకుంటే షమాకు తల కొట్టేసినట్టయింది. అన్నం ముందర కూర్చుంటే దండం పెట్టిన ఆ చేతులే కనబడేవి. ఇంక తట్టుకోలేక ఒక పొద్దున బస్సెక్కింది.

తిమ్మన్న ఎండిపోయిన చెట్లు నరుకుతున్నాడు. పెండ్లాం గట్టు మీదే కూర్చోనుండాది. మతి లేని మనిషిని ఒక్కణ్ణే ఎట్ల పంపేదమ్మా, ఈ మధ్య తలుపు వేసినానా లేదా అని గూడా నన్నే అడుగుతాండాడు అని ఆమె వాపోయింది. షమాకు ఏడుపు ఆగలేదు. యంత్రానికి మనిషి తెలీదని, ఆ నంబరుతో ఎవరైనా ఆయన పేరు కొట్టింటారని, తెలిసీ అబద్ధం చెప్పినానని అంతా కక్కేసింది. తిమ్మన్న గొడ్డలి వదిలేసి కూలబడినాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది తల్లీ? వాళ్లకు చెప్పు."

చెప్పింది. బోరు కాడ అందరినీ నిలబెట్టి, తప్పు నాది, పాపం నాది అని చేతులు జోడించి చెప్పింది. తిమ్మన్న తర్వాత వంతుండే బొజ్జన్న తల వంచుకుని అంతా విని, మెల్లగా నవ్వినాడు.

"తెలుస్తాడని ఆ పొద్దు నువ్వే చెప్తివి గదమ్మా. ఇప్పుడు తిమ్మన్న అవస్థ చూసి ఇట్ల చెప్తాండావు. మంచి మనసమ్మా నీది."

అందరూ అవునవునన్నారు. కాదు, నిజంగా నాదే తప్పని షమా ఎంత మొత్తుకుంటే వాళ్ల కండ్లకు అంత మంచిదయిపోయింది. ఎవరిదో తప్పు నెత్తిన వేసుకుంటాంది, ఏ తల్లి కన్న బిడ్డో అని పుల్లమ్మ కండ్లు తుడుచుకుని ఆమెకు మజ్జిగ ఇచ్చింది. తిమ్మన్న ఒక్కడే ఆమె ముఖం చూడకుండా పెండ్లాం చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టినాడు.