ఫ్రేమా అవ్వకు ఎర్రగుడ్డ

కొనొంగో బజారులో ముప్ఫై ఏళ్లుగా చావుకు కట్టే గుడ్డలు అమ్ముతున్నాను. మా అసాంటే జాతిలో పండుముసలి పోతే చుట్టాలంతా తెలుపు మీద నల్లపూల గుడ్డ కట్టుకుని సంబరంగా సాగనంపుతాం. ఎరుపు అర్ధాయుష్షు చావుకి. ఈ సంగతి బడి మొహం చూడని పిల్లకి కూడా తెలుసు.

తొంభైఆరేళ్ల ఫ్రేమా అవ్వ మంచంలో ఉండగా నా చెయ్యి పట్టుకుని, "పొకువా, నన్ను తెల్లగా పంపించవే. ఒక్కరూ ఏడవకూడదు," అంది. సరేనని మాటిచ్చాను.

అవ్వ పోయాక అన్నీ చూసుకోవలసింది ఆమె వారసుడు, మేనల్లుడు బోఆది. రాజధాని అక్రాలో ఉద్యోగం. చొక్కాకున్న ఇస్త్రీ బుర్రకి లేదు.

"ఎనభై గుడ్డలు కావాలత్తా. కానీ ఫోన్లో తెప్పిస్తే గుడ్డకి నీకంటే పదిహేను సెడీలు తక్కువ," అన్నాడు.

"ఫోన్లో గుడ్డ విప్పి ఎండలో చూస్తావా? నలిపి చూస్తావా?"

"బొమ్మ చూశాగా. నువ్వింకా పాతకాలంలోనే ఉన్నావ్."

బొమ్మ చూశాడట, మహానుభావుడు!

అంత్యక్రియలు శనివారం. సోమవారం రావలసిన పెట్టె శుక్రవారం పొద్దువాలాక వచ్చింది. అప్పటిదాకా దర్జీలు మిషన్ల ముందు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. విప్పితే ఎనభై గుడ్డలూ ఎరుపే. బోఆది చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మినవాళ్లనడిగావా?"

"రంగులో కాస్త తేడా ఉండొచ్చని ముందే రాశారంట. పద్నాలుగు రోజుల్లో వాపసు తీసుకుంటారంట."

"అయితే అవ్వని పద్నాలుగు రోజులు ఆగమను."

"తిట్టత్తా, పడతాను. ఎంతంటే అంతిస్తా, తెల్లవి ఎనభై తియ్యి."

నా దగ్గర పన్నెండే ఉన్నాయి. ఒకప్పుడు ఈ వరుసలో ఆరు దుకాణాలుండేవి. ఒకరికి తక్కువైతే పక్కవాళ్ల దగ్గర తెచ్చి ఇచ్చేవాళ్లం. మూడొందలైనా గంటలో పోగయ్యేవి. బోఆదిలాంటి తెలివిమంతుల పుణ్యమా అని ఐదూ మూతబడ్డాయి. కుమాసికి బస్సెక్కినా, చేరేసరికి అక్కడ షట్టర్లు దించేస్తారు.

"పక్క దుకాణాల్లో అడుగత్తా."

"ఏ పక్కరా? అటు ఫోన్లకి అద్దాలతికేవాడు, ఇటు తాళం. నీ ఫోన్నే అడుగు, పో."

వాడికి సిగ్గు లేకపోయినా నేను అవ్వకి మాటిచ్చాను. పన్నెండు గుడ్డలూ ఆమె ఈడు ముసలమ్మలకి పంపించాను. మిగతావాళ్లని ఇళ్లలో ఉన్న పాత తెల్లవే కట్టుకోమన్నాను.

"తలో రకం కడితే ఫొటోల్లో ఏం బాగుంటుందత్తా? అయినా డబ్బు పోసి కొన్నాం కదా," అన్నాడు వాడు. వాడి ఎదుటే థూ అని ఉమ్మాను.

మర్నాడు అరవై ఎనిమిది మంది వాడు పంచిన ఎర్రగుడ్డలు కట్టి వరుసగా నిలబడ్డారు. దూరపు ఊళ్ల చుట్టాలు లారీ దిగుతూనే ఆ ఎరుపు చూసి గుండెలు బాదుకున్నారు. డప్పులవాళ్లు బిత్తరపోయి సంబరం దరువు ఆపేశారు. ఒకావిడ నా భుజం పట్టుకుని, "అయ్యో తల్లీ, అవ్వతోపాటు ఏ పిల్ల పోయిందే?" అంది. ఎవరూ పోలేదని చెప్పేలోగా పందిరంతా ఏడుపు అందుకుంది.