లేబులు లేని సీసా

మహాలక్ష్మిని చంపింది ఎదురింటి శివగామి. మూడేళ్లుగా పురుషోత్తమన్‌కు ఇందులో సందేహం లేదు. పెరుమాళ్ల పూజల పురట్టాసి నెలకు ముందు ఇల్లు కడుక్కోమని బ్లీచింగ్ పౌడర్ పొట్లం ఇచ్చింది ఆమే. తలుపు వేసుకుని బాత్రూం కడుగుతూ పడిపోయిన భార్యను అతను ఆసుపత్రికి మోసుకెళ్లాడు. మూడో రోజు శవాన్ని తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఎదుటి గడప వైపు చూడలేదు.

ఇప్పుడు కూతురు సుధకు ఎంట్రన్స్ పరీక్ష నెల రోజుల్లో ఉంది. తక్కినవన్నీ వచ్చు, కెమిస్ట్రీ రాదు. మోల్ అంటే ఏమిటో రెండుసార్లు చదివింది, రెండుసార్లూ ఏడ్చింది. ఆ వీధిలో కెమిస్ట్రీ చెప్పగలిగేది శివగామి ఒక్కతే. ముప్పయ్యేళ్లు బడిలో చెప్పి రిటైరైంది. పిల్లను పంపమని తానే కబురు చేసింది. పురుషోత్తమన్ కుదరదన్నాడు. పల్లెటూరి బడిలో తనకెవరు ట్యూషన్ చెప్పారని అడిగాడు. అందుకే ఎనిమిదితో ఆగినావని సుధ గొణిగింది.

ఆదివారం అతను భోంచేస్తుంటే సుధ మాదిరి ప్రశ్నపత్రం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. బ్లీచింగ్ పౌడర్ మీద ఆమ్లం పోస్తే వెలువడే వాయువు ఏదని అందులో ఒక ప్రశ్న.

"పౌడర్‌ని నీళ్లలో కలిపితే వాసనే నాయనా. మనం తాగే నీళ్ల తొట్టిలో వేసేదీ అదే. యాసిడ్ పడితేనే క్లోరిన్ గుప్పుమని లేస్తాది. ఊపిరి తీసేది అది."

"అయితే ఏంది?"

"టీచరమ్మ ఇచ్చింది పౌడరే కదా. యాసిడ్ యాడనించి వచ్చె?"

ఊళ్లో ఫ్యాక్టరీలుండే తట్టాంచావడిలో బాత్రూం యాసిడ్ సీసాల్లో నింపే చిన్న కంపెనీలో అతని పని. పీపా అడుగున మిగిలింది పనివాళ్లు ఇంటికి తెచ్చుకోవడం అక్కడ మామూలే. అతను లేబులు ఊడిన ఖాళీ బ్రాందీ సీసాలో తెచ్చేవాడు. ఆ పొద్దున ఆ సీసాను భార్య చేతికిచ్చి, పౌడర్ చల్లినాక దీన్నీ పోస్తే నేల ఇంకా తెల్లబడుతుందని చెప్పింది అతనే. ఆ మాట మహాలక్ష్మి తప్ప ఇంకెవరూ వినలేదు.

అతను విస్తరిలో మిగిలిన అన్నం కలుపుకుని పూర్తిగా తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చాడు. సుధ అక్కడే కూర్చుని ఉంది.

"రేపటినించి ఆ యమ్మ దగ్గర చదువుకో."

"నువ్వు ఆమెతో ఏమన్నా చెప్తావా, నాయనా?"

"లేదు. ఆమెతో చెప్పను, నీతోనూ చెప్పను. ఈ మాట నేను చచ్చేదాకా ఇంకెత్తను. నువ్వూ ఎత్తొద్దు."