దొంగ హాజరు

"ఎంతిస్తరంట?" అన్నాడు రఘునందన్, నేను బెండకాయలు తరుగుతుంటే.

మా సెంటర్ మోసం మీద ఢిల్లీకి ఫిర్యాదు రాస్తానని నేను చెప్పిందంతా విని మా ఆయన అడిగిన మొదటి మాట అది. ఊరంతా హైటెక్ సిటీ ఉద్యోగాల మోజులో ఉంది. జూబ్లీ హిల్స్‌లో నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్‌ వాళ్లు అరవై మంది పేదపిల్లలకు ఉచితంగా నేర్పుతున్నామని ఢిల్లీ నుంచి నిధులు తెచ్చుకుంటున్నారు. వచ్చేది పదకొండు మంది. తనిఖీ రోజు కృష్ణానగర్ నుంచి సినిమా జూనియర్ ఆర్టిస్టులను వ్యాన్లో తెచ్చి మిగతా కుర్చీలు నింపుతారు. మొన్న ఒకామె పెళ్లి సీన్ మేకప్ కడుక్కోకుండానే వచ్చింది. అధికారి ఆమెనే మెచ్చుకుని వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ అరవై హాజర్లు వేసి సంతకం పెట్టేది నేను మరి. "మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందండీ మంజులత గారూ" అంటాడు ఓనర్ సిద్ధార్థ. రేపు పట్టుబడితే జైలుకు పోయేది ఆ ముత్యాలేనని నాకు తెలియదనుకుంటాడు.

"పైసా ఇయ్యరు. పన్నెగ్గొట్టినోళ్లను పట్టిస్తే బహుమతి ఉందంట, దీనికి లేదు. ఆకాశరామన్న ఉత్తరాలు చూడరంట, పేరు రాయాలె. గానీ ఆ పేరు ఎవ్వరికీ చెప్పరంట" అన్నాను. లాయరు పద్మప్రియను అడిగే తెలుసుకున్నాను.

"మరి ఉత్తగ గీ లొల్లి ఎందుకే? నెల నెలా జీతమిస్తుండు గద!"

ఎవరికీ చెప్పొద్దని రెండుసార్లు చెప్పాను. సాయంత్రం పై వాటా అనసూయమ్మ మెట్ల మీద ఆపింది. "ఢిల్లీకి రాస్తున్నవంట గద బిడ్డా, మావోని ఉద్యోగం సంగతి గూడ జర రాయరాదు?"

ఈయన తల్లికి చెప్పాడు, ఆవిడ ఈమెకు చెప్పింది. ఢిల్లీలో దాచిపెడతామన్న నా పేరు మా ఇంట్లో ఒక్క పూట ఆగలేదు. అప్పట్లో నాకు నెల తప్పినప్పుడూ ఇంతే, మా అమ్మకంటే ముందు అనసూయమ్మకు తెలిసింది. ఇక సిద్ధార్థ చెవిన పడటానికి రెండు రోజులు చాలు. ఉద్యోగం ఎలాగూ పోతుంది. రిజిస్టరు మాయమైతే నా మాట నమ్మేదెవరు?

మర్నాడు పొద్దున్నే ఫిర్యాదు ఉత్తరం, హాజరు రిజిస్టరు జిరాక్స్ కాగితాలు కవర్లో సర్దుతుంటే అత్తగారు శకుంతలమ్మ వచ్చి నిలబడింది. "రాస్తే రాసినవ్ గానీ, నా కొడుకు పేరు ఏడ రానియ్యకు. మా ఇంటి పేరు గూడ వద్దు."

పెళ్లయి పదకొండేళ్లు. రేషన్ కార్డు నుంచి గ్యాసు బుక్కు దాకా ఏ కాగితంలో చూసినా నేను రఘునందన్ భార్యనే.

"సరే అత్తమ్మా" అన్నాను. పెళ్లికి ముందున్న నా పూర్తి పేరు రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.