టేపు చుట్టిన వైపు

"నీళ్లు పొయ్యడం కూడా చేతకాకపోతే ఎలాగే నీతో?" అన్నాడు మా అబ్బాయి, స్విచ్చి మీద చెయ్యి పెట్టి.

పెరట్లో బావి పక్కన కోడలు వంగి, మోటారు మూత తీసి చెంబుతో నీళ్లు పోస్తోంది. పోసినవి పోసినట్టే కిందికి దిగిపోతున్నాయి. ఆఫీసు బట్టలు మోకాళ్ల దాకా తడిశాయి.

అదే మాట, అదే గొంతు. ముప్పై ఏళ్లు ఈ మోటారుకి నీళ్లు పోసింది నేను, స్విచ్చి వేసింది మావారు. నీళ్లు ఎక్కితే, "నా చెయ్యి పడాలి మరి" అనేవారు. ఎక్కకపోతే నా చెయ్యి మంచిది కాదు. పైపు బిగించే చోట సందు లేకుండా వేసే తెల్ల టేపుని మర తిరిగే వైపే చుట్టాలని మోటారుతో వచ్చిన చిన్న పుస్తకంలో కూడబలుక్కుని చదివాను. ఆయన ఎదురు చుట్టేవారు. బిగించే కొద్దీ అది ఊడొచ్చి, సందులోంచి పోసిన నీళ్లు కారిపోయి గాలి లాగేది. ఒక్కసారి చెప్పాను. "మరల సంగతి నాకు నేర్పుతావా? ముందు మరచెంబు మూత సరిగ్గా పెట్టడం నేర్చుకో" అని ఇంటిల్లిపాదినీ నవ్వించారు. ఆయన పోయాక మా అబ్బాయీ అలాగే చుట్టాడు. నాన్న చేతి పనట. నేను నోరెత్తలేదు. అమ్మ, అక్క, ఆయన, అందరూ నా కళ్ల ముందే పాడె మీద గడప దాటి వెళ్లిపోయినవాళ్లే. ఉన్న ఈ ఒక్కడూ అలిగి పోతాడేమోనని భయం.

"ఈ నెల మూడుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే రావొద్దన్నారండీ" అంది కోడలు.

"మానెయ్యి. ఇంట్లో చుక్క నీళ్లకి దిక్కులేదు, నీకు ఉద్యోగమొకటి!"

ఆ పిల్ల చెంబు కింద పెట్టి ఫోను తీసింది. "మానేస్తున్నానని రాసి పంపించేస్తాను అత్తయ్యా. రోజూ ఈ గొడవ నావల్ల కాదు."

నేను బావి దగ్గరికి వెళ్లాను.

"ఏమీ రాయకు. బట్టలు మార్చుకుని ఆఫీసుకి పో. దీని సంగతి నేను చూస్తాను."

"మీరా!"

"పొమ్మన్నానా. ఒరే, మెయిను ఆపు. ఆ పానా ఇలా తే."

పైపు విప్పాను. పాత టేపు ఉండచుట్టుకుపోయి ఉంది. గోటితో గీకేసి, కొత్తది మర తిరిగే వైపే పదిచుట్లు చుట్టి బిగించాను. పానా రెండుసార్లు జారింది. చెంబు వాడికిచ్చాను.

"పొయ్యి. బుడగలు ఆగేదాకా పొయ్యి."

పోశాడు. నీళ్లు మూతి దాకా నిండి, దిగకుండా నిలబడ్డాయి. మూత బిగించి, మెయిను వేయించి, నేనే స్విచ్చి నొక్కాను. నిమిషంలో పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు. వీధిలో కోడలి బండి స్టార్టయింది.

మా అబ్బాయి పైపు వంకే చూస్తున్నాడు. "నాన్న ఇలా చుట్టేవాడు కాదు."

"ఆయన తప్పు చుట్టేవారు. ముప్పై ఏళ్లు."

వాడి మొహం మాడిపోయింది. "పోయిన మనిషిని ఎంతలేసి మాటంటున్నావ్! దాన్ని నెత్తికెక్కించుకున్నావు. ఇలాగైతే నేనీ ఇంట్లో ఉండను, చెప్తున్నా."

ఇన్నేళ్లూ ఏ మాటకి భయపడ్డానో అదే మాట. పానా తీసి బావి గట్టు మీద పెట్టాను.

"వెళ్లేటప్పుడు గేటు దగ్గరగా వేసి వెళ్లు నాయనా" అన్నాను.